శనగ ఎండు తెగులుపై మట్టి బ్యాక్టీరియా: ఎలా వేరు చేస్తారు, చేనులో ఎంత పనిచేస్తుంది?

యాసంగిలో శనగ విత్తే ముందు నస్రుల్లాబాద్, బాన్సువాడ ప్రాంత రైతులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా మందు ప్యాకెట్ కొంటే ఎండు తెగులు ఆగుతుందా, ఆగదా? ఒకరు "ఇది వేస్తే తెగులు మాటే ఉండదు" అంటారు. ఇంకొకరు "అదంతా సుద్ద పొడి, డబ్బులు దండగ" అంటారు. ఈ రెండు మాటలూ నిజం కావు.

నిజం తెలియాలంటే ఆ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చింది, కోట్ల సూక్ష్మజీవుల్లోంచి దాన్ని ఎలా ఏరి తీశారు, ల్యాబ్‌లో చూపిన బలం చేనులో ఎంతవరకు నిలిచింది అనే మూడు విషయాలు తెలుసుకోవాలి. అవి తెలిస్తే ఏ ప్యాకెట్ కొనాలో, దాని మీద ఎంత ఆశ పెట్టుకోవాలో రైతే నిర్ణయించుకోగలడు.

ఎండు తెగులు ఎందుకంత మొండిది?

శనగలో ఎండు తెగులు ఫ్యుసేరియం అనే శిలీంద్రం వల్ల వస్తుంది. ఇది గాలిలో కాదు, మట్టిలో ఉంటుంది. శనగ వేయకపోయినా ఆరేళ్ల వరకు నేలలో బతికి ఉండగలదు. వేరు ద్వారా మొక్కలోకి దూరి, నీరు పైకి పారే నాళాలను మూసేస్తుంది. అందుకే నేలలో పదును ఉన్నా మొక్క ఆకులు వాల్చేసి ఎండిపోతుంది.

ఎండిన మొక్కను వేరుతో సహా పీకి, వేరు దగ్గర కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల గోధుమ లేదా నలుపు రంగు చార కనిపిస్తే అది ఎండు తెగులే. అప్పటికే శిలీంద్రం మొక్క లోపల ఉంది కాబట్టి పైన ఏ మందు పిచికారీ చేసినా ఆ మొక్క బతకదు. ఈ తెగులుతో పోరాటం విత్తనం వేసే ముందే, వేరు చుట్టూ ఉన్న మట్టిలోనే జరగాలి. బ్యాక్టీరియా మందులతో పని పడేది అక్కడే.

మట్టిలో సహజంగా జరిగే పోరు

ఒక గ్రాము చేని మట్టిలో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది. ఆహారం తక్కువ, తినేవాళ్లు ఎక్కువ. అందుకే కొన్ని బ్యాక్టీరియా తమ చోటును కాపాడుకోవడానికి పక్కవాటిని ఎదగనీయని పదార్థాలను విడుదల చేస్తాయి. వీటినే యాంటీబయాటిక్స్ అంటాం.

ఇలాంటి వాటిలో స్ట్రెప్టోమైసిస్ అనే వర్గం ముఖ్యమైనది. దీన్ని మీరు కంటితో చూసి ఉండరు గానీ వాసన మాత్రం మీకు బాగా తెలుసు. తొలకరి జల్లు పడగానే నేల నుంచి వచ్చే కమ్మటి మట్టి వాసనకు ప్రధాన కారణం జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని ఎక్కువగా తయారు చేసేది స్ట్రెప్టోమైసిస్ వర్గమే.

మేలు చేసే బ్యాక్టీరియా తెగులు శిలీంద్రాన్ని నాలుగు రకాలుగా అడ్డుకుంటుంది.

1. యాంటీబయాటిక్ పదార్థాన్ని వదిలి శిలీంద్రం పెరుగుదలను ఆపుతుంది.
2. మట్టిలోని ఇనుమును ముందే పట్టుకుని, శిలీంద్రానికి అందకుండా చేస్తుంది. ఇందుకు వాడే పదార్థాలను సిడరోఫోర్లు అంటారు.
3. శిలీంద్రం గోడలను కరిగించే ఎంజైములను వదులుతుంది.
4. వేరు మీద ముందుగా స్థిరపడి, శిలీంద్రానికి చోటు లేకుండా చేస్తుంది. కొన్ని రకాలు మొక్క సొంత రోగనిరోధక శక్తిని కూడా పెంచుతాయి.

అయితే ఈ పనులు అన్ని బ్యాక్టీరియాలూ చేయవు. కొన్ని మాత్రమే చేస్తాయి. ఆ కొన్నింటిని కోట్లలోంచి పట్టుకోవడమే శాస్త్రవేత్తల పని.

మట్టిలోంచి మందులు వచ్చిన కథ

1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో వాక్స్‌మన్ ల్యాబ్‌లో పనిచేస్తున్న ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. ఆ బ్యాక్టీరియా దొరికిన చోట్లలో ఒకటి పశువుల ఎరువు బాగా వేసిన పొలం మట్టి. క్షయ వ్యాధికి పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే.

ఆ తర్వాతి కథలో మన తెలుగువాడే ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ల్యాబ్‌లో పరిశోధన డైరెక్టర్‌గా పనిచేశారు. ఆయన నాయకత్వంలో రకరకాల ప్రాంతాల మట్టిని తెప్పించి, అందులోని బ్యాక్టీరియాను పరీక్షించేవారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బార్న్ ఫీల్డ్ అనే ప్రయోగ క్షేత్రంలో గడ్డి పెంచిన మడి నుంచి వచ్చిన మట్టిలో, 1945లో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్తకు బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ 1948లో వైద్యంలోకి వచ్చింది. ఇప్పుడు అందరికీ తెలిసిన టెట్రాసైక్లిన్ కూడా ఆ కుటుంబంలోనిదే. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు.

వరి రైతులకు తెలిసిన మందులు కూడా ఇలాగే వచ్చాయి. అగ్గి తెగులుకు వాడే కాసుగామైసిన్ జపాన్‌లోని నారా పట్టణంలో కసుగా ఆలయం దగ్గరి మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నుంచి 1965లో బయటపడింది. పాముపొడ తెగులుకు కొట్టే వాలిడామైసిన్ కూడా స్ట్రెప్టోమైసిస్ ఇచ్చిందే. అంటే మట్టి బ్యాక్టీరియా మన పొలాలకు కొత్తేమీ కాదు. కాసుగామైసిన్, వాలిడామైసిన్ డబ్బాల్లో అది తయారు చేసిన పదార్థం మాత్రమే ఉంటుంది. సూడోమోనాస్ ప్యాకెట్‌లో మాత్రం బతికి ఉన్న బ్యాక్టీరియానే ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. ముందు చెప్పబోయే జాగ్రత్తలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

మట్టి నుంచి బ్యాక్టీరియాను ఎలా వేరు చేస్తారు?

మొదటి మెట్టు: మట్టి సేకరణ. తెగులు సోకిన చేనులో చుట్టూ మొక్కలు చచ్చిపోయినా మధ్యలో పచ్చగా నిలిచిన మొక్క ఉంటే శాస్త్రవేత్తలు దాన్ని వెతుకుతారు. దాన్ని వేరుతో సహా తవ్వి, వేరుకు అంటుకున్న మట్టిని తీసుకుంటారు. ఆ వేరు మీద కాపలా కాసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ. ఈ నమూనాను ఎండబెట్టకుండా శుభ్రమైన సంచిలో, చల్లగా ఉంచి త్వరగా ల్యాబ్‌కు చేరుస్తారు. భూసార పరీక్షకు ఇచ్చే నమూనాను నీడలో ఆరబెడతాం కదా, ఇది అలా కాదు.

రెండో మెట్టు: పలుచన చేయడం. 10 గ్రాముల మట్టిని 90 మిల్లీలీటర్ల శుద్ధి చేసిన నీటిలో కలుపుతారు. అందులోంచి 1 మి.లీ. తీసి 9 మి.లీ. నీటిలో కలుపుతారు. ఇలా వరుసగా చేస్తూ పోతే ఒక్కో మెట్టుకు బ్యాక్టీరియా సంఖ్య పదో వంతుకు తగ్గుతుంది. గ్రాము మట్టిలో 10 కోట్లు ఉన్నాయనుకుంటే, మొదటి కలుపుతో కలిపి ఆరు మెట్లు దాటేసరికి మి.లీ.లో సుమారు 100 మిగులుతాయి. ఇంత పలుచన చేయకపోతే అన్నీ కలిసిపోయి ఏది ఏదో తెలియదు.

మూడో మెట్టు: పెంచడం. ఆ నీటిని అగర్ అనే జిగురు ఆహారం పోసిన గాజు పళ్లెం మీద పూస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఒక్కో బ్యాక్టీరియా వేలల్లో, లక్షల్లో పెరిగి కంటికి కనిపించే చుక్కగా మారుతుంది. స్ట్రెప్టోమైసిస్ నెమ్మదిగా పెరుగుతుంది, దానికి వారం దాకా పడుతుంది. కావలసిన వర్గాన్ని బట్టి ఆహారాన్ని మారుస్తారు. సూడోమోనాస్‌కు వాడే ఆహారం మీద ఆ బ్యాక్టీరియా అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. బాసిల్లస్ కావాలంటే మట్టి నీటిని 80 డిగ్రీల వేడిలో 10 నిమిషాలు ఉంచుతారు. మిగతావి చాలావరకు చచ్చిపోతాయి, గట్టి పెంకు లాంటి బీజాలు ఏర్పరచుకునే బాసిల్లస్ మాత్రం మిగులుతుంది.

నాలుగో మెట్టు: శుద్ధి చేయడం. ఒక్కో చుక్కను విడిగా తీసి, కొత్త పళ్లెం మీద పదేపదే గీస్తూ ఒకే రకం మిగిలేలా చేస్తారు. విత్తనోత్పత్తి చేనులో కల్తీ మొక్కలను ఏరివేసినట్టే ఇదీ.

ఐదో మెట్టు: తెగులుతో ముఖాముఖి. ఒకే పళ్లెంలో ఒక పక్క తెగులు శిలీంద్రాన్ని, మరో పక్క బ్యాక్టీరియాను పెంచుతారు. శిలీంద్రం పళ్లెమంతా పాకితే ఆ బ్యాక్టీరియా పనికిరాదు. రెండింటి మధ్య ఖాళీ స్థలం మిగిలితే బ్యాక్టీరియా ఏదో వదిలి శిలీంద్రాన్ని ఆపుతోందని అర్థం. ఆ ఖాళీని మిల్లీమీటర్లలో కొలిచి, ఎక్కువ ఉన్నవాటిని ఎంచుకుంటారు.

ఆరో మెట్టు: గుర్తింపు, భద్రత. ఆ బ్యాక్టీరియా జన్యువును చదివి అది ఏ జాతిదో తేలుస్తారు. ఇది తప్పనిసరి. ఎందుకంటే తెగులును ఆపే బ్యాక్టీరియాల్లో మనుషులకు రోగం తెచ్చేవీ కొన్ని ఉన్నాయి. ఉదాహరణకు సూడోమోనాస్‌లో ఫ్లోరెసెన్స్ పంటలకు వాడే రకం. దాని దగ్గరి బంధువు ఎరుజినోసా మాత్రం గాయాలకు, ఊపిరితిత్తులకు సోకి ప్రమాదం తెస్తుంది. పళ్లెంలో రెండూ తెగులును ఆపవచ్చు, కంటితో చూసి మంచిదేదో చెప్పలేం.

ఏడో మెట్టు: కుండీ, ఆ తర్వాత చేను. పళ్లెంలో గెలిచినదాన్ని కుండీల్లో మొక్కల మీద, తర్వాత తెగులు ఉన్న చేనులో పరీక్షిస్తారు. అసలు పరీక్ష ఇదే. ఇక్కడ ఏం జరుగుతుందో మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పరిశోధన చూపిస్తుంది.

పటాన్‌చెరులో తేలిన లెక్క

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు శనగ ఎండు తెగులును ఆపగల బ్యాక్టీరియా కోసం 25 రకాల వర్మికంపోస్టుల్లో వెతికారు. ఇవి ఔషధ గుణాలున్న మొక్కల ఆకులతో చేసిన కంపోస్టులు. వాటి నుంచి స్ట్రెప్టోమైసిస్ చెందే ఆక్టినోమైసిటీస్ వర్గంలోని 137 రకాలను వేరు చేశారు. ఫలితాలు 2011లో వెలువడ్డాయి.

137 రకాలనూ పళ్లెంలో ఎండు తెగులు శిలీంద్రంతో ముఖాముఖి పెట్టారు. వాటిలో ఐదింటిని మాత్రమే మేలైనవిగా ఎంచుకున్నారు. ఆ ఐదూ ఇనుమును పట్టుకునే సిడరోఫోర్లను తయారు చేశాయి. మూడు రకాలు శనగలో ఎండు వేరుకుళ్లు కలిగించే శిలీంద్రాన్ని కూడా ఆపాయి. జన్యువు చదివితే ఐదూ స్ట్రెప్టోమైసిస్ అని తేలింది.

తర్వాత వాటిని శనగ మొక్కల మీద పరీక్షించారు. గ్రీన్‌హౌస్‌లో, ఏ బ్యాక్టీరియా వేయని మొక్కలతో పోలిస్తే తెగులు 45 నుంచి 76 శాతం తగ్గింది. ఎండు తెగులు నిండిన చేనులో మాత్రం 4 నుంచి 19 శాతమే తగ్గింది.

ఈ అంకెలను రైతు భాషలో చూద్దాం. బ్యాక్టీరియా వేయని సాళ్లలో 100 మొక్కలకు 20 చచ్చిపోతున్నాయనుకోండి. 76 శాతం తగ్గితే చచ్చేవి 5 మాత్రమే. 19 శాతం తగ్గితే చచ్చేవి 16. 4 శాతం తగ్గితే 19 చచ్చిపోతాయి, అంటే ఒక్క మొక్క మిగిలినట్టు. ఒకే బ్యాక్టీరియా గ్రీన్‌హౌస్‌లో పెద్ద విజయంగా కనిపించి, చేనులోకి వచ్చేసరికి చిన్న సాయంగా మిగలవచ్చు.

ఇందుకు కారణాలు ఉన్నాయి. కుండీలో నీరు, వేడి చేతిలో ఉంటాయి. చేనులో ఎండ, పదును రోజూ మారుతుంటాయి. వేసిన బ్యాక్టీరియా అప్పటికే అక్కడ స్థిరపడి ఉన్న కోట్ల సూక్ష్మజీవులతో పోటీ పడాలి. పరిశోధన చేసిన మడి కూడా కావాలనే తెగులు శిలీంద్రాన్ని నింపి ఉంచినది, అంటే అతి కఠినమైన పరీక్ష. మామూలు చేనులో తెగులు తక్కువగా ఉంటే ఫలితం వేరుగా ఉండవచ్చు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. దుకాణంలో దొరికే సూడోమోనాస్, బాసిల్లస్ ప్యాకెట్లు ఈ ఐదు రకాలు కావు. కాబట్టి ఈ అంకెలను నేరుగా వాటికి అంటగట్టకూడదు. అయితే పాఠం అన్నింటికీ ఒక్కటే. పళ్లెంలో ఆపింది అంటే చేనులో ఆపుతుందని హామీ కాదు. "ల్యాబ్‌లో నిరూపితం" అని ఎవరైనా చెబితే, "చేనులో ఎంత?" అని అడగండి.

అయితే వాడాలా, వద్దా?

వాడవచ్చు, ఒక్కదాని మీదే ఆధారపడకుండా. ఎండు తెగులుకు బ్యాక్టీరియా ఒక చేయి మాత్రమే. మిగతా చేతులు ఇవి.

• తట్టుకునే రకం: జెజి-11 లాంటి ఎండు తెగులును తట్టుకునే రకాలను ఎంచుకోండి. తట్టుకోలేని రకం వేసి, బ్యాక్టీరియా కాపాడుతుందనుకోవడం పొరపాటు.
• పంట మార్పిడి: తెగులు ఎక్కువగా ఉన్న మడిలో కొన్నేళ్లు శనగ మానేసి జొన్న, మక్క లాంటివి వేయండి. శిలీంద్రం ఆరేళ్లు బతకగలదు కాబట్టి ఒక్క ఏడాది విరామం చాలదు.
• చేని శుభ్రత: ఎండిన మొక్కలను వేర్లతో సహా పీకి కాల్చేయండి. వాటిని ఎరువు గుంతలో వేయకండి.
• వేసవి దుక్కి: లోతుగా దున్ని నేలను ఎండకు వదలండి.
• సేంద్రియ ఎరువు: బాగా మాగిన పశువుల ఎరువు, కంపోస్టు వేయండి. స్ట్రెప్టోమైసిన్ బ్యాక్టీరియా ఎరువు వేసిన పొలంలో, పటాన్‌చెరు బ్యాక్టీరియా కంపోస్టులో దొరికాయి. సేంద్రియ పదార్థం లేని నేలలో మేలు చేసే బ్యాక్టీరియాకు తిండి ఉండదు.

ప్యాకెట్ కొనేటప్పుడు చూడవలసినవి

ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణం ఉన్న సరుకు. చచ్చిపోతే అది నిజంగానే సుద్ద పొడి. అందుకే ఇవి చూడండి.

1. బ్యాక్టీరియా పేరు, రకం పేరు రాసి ఉండాలి. "జీవ సూక్ష్మజీవుల మిశ్రమం" అని మాత్రమే ఉంటే కొనకండి.
2. సంఖ్య: సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పొడిలో గ్రాముకు కనీసం 10 కోట్ల బతికిన బ్యాక్టీరియా ఉండాలి. ప్యాకెట్ మీద దీన్ని సీఎఫ్‌యూ అని రాస్తారు.
3. కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.
4. మీ పంట పేరు, తెగులు పేరు, మోతాదు లేబుల్ మీద ఉన్నాయో చూడండి.
5. తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. సూడోమోనాస్ బీజాలు ఏర్పరచుకోదు కాబట్టి త్వరగా చచ్చిపోతుంది. ఎంత కొత్తదైతే అంత మంచిది. బాసిల్లస్ కొంత ఎక్కువ కాలం నిలుస్తుంది.
6. దుకాణంలో ప్యాకెట్లను ఎక్కడ ఉంచారో చూడండి. ఎండ తగిలే చోట, రేకుల కింద వేడిలో పెట్టినవి వద్దు.
7. బిల్లు తప్పక తీసుకోండి. ఈ సీజన్‌కు ఎంత కావాలో అంతే కొనండి.

వాడే పద్ధతి

విత్తన శుద్ధి: సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పొడిని సాధారణంగా కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున పట్టిస్తారు. ఎకరాకు 30 కిలోల విత్తనం వాడితే 300 గ్రాములు సరిపోతుంది. విత్తనంపై కొద్దిగా నీళ్లు చల్లి పొడిని పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి. ఎండలో ఆరబెడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

నేలలో వేయడానికి: ఎక్కువగా వాడే ట్రైకోడెర్మా విరిడి బ్యాక్టీరియా కాదు, మేలు చేసే శిలీంద్రం. 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చల్లుతూ నీడలో గోనె సంచులు కప్పి వారం నుంచి పది రోజులు ఉంచండి. తెల్లటి, ఆకుపచ్చటి బూజు బాగా కమ్మాక పదును ఉన్నప్పుడు ఎకరా నేలలో చల్లండి.

కలపకూడనివి: ఇక్కడే చాలామంది పొరబడతారు. ట్రైకోడెర్మా శిలీంద్రం కాబట్టి కార్బండజిమ్ లాంటి శిలీంద్రనాశినితో కలిపితే చచ్చిపోతుంది. సూడోమోనాస్ బ్యాక్టీరియా కాబట్టి కాపర్ ఆక్సీక్లోరైడ్‌తోనూ, యాంటీబయాటిక్ మందులతోనూ కలపకూడదు. విత్తనానికి రసాయన మందు పట్టించాలనుకుంటే ముందు అది పట్టించి ఆరనిచ్చి, రైజోబియం లాంటి జీవ ఎరువును చివరన పట్టించండి. ఏ రెండు మందులను కలపవచ్చో అనుమానం ఉంటే కలపకపోవడమే మేలు.

ఈ రెండు పనులు చేయకండి

ఒకటి, ఇంట్లో బ్యాక్టీరియాను పెంచే ప్రయత్నం. బెల్లం నీళ్లలో సూడోమోనాస్ ప్యాకెట్ కలిపి డ్రమ్ములో పెంచుకోవచ్చని కొందరు చెబుతారు. శుద్ధి చేయని నీళ్లలో ఏ బ్యాక్టీరియా అయినా పెరుగుతుంది. చివరికి డ్రమ్ములో మీరు వేసినది ఎంత ఉందో, అందులో మనుషులకు హాని చేసేది ఉందో లేదో తెలుసుకునే దారి ఇంట్లో ఉండదు. పైన ఆరో మెట్టు ఎందుకు ఉందో గుర్తు చేసుకోండి. జీవామృతం సంగతి వేరు. అది రకరకాల సూక్ష్మజీవుల కలగలుపు. ఫలానా తెగులుకు ఏరి తీసిన బ్యాక్టీరియాకు అది బదులు కాదు.

రెండు, ఆసుపత్రి మందులను పంటకు కొట్టడం. వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులు వచ్చినప్పుడు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన పొడిని పిచికారీ చేయడం చాలా ఏళ్లుగా అలవాటైపోయింది. ఈ మందును పంటలకు వాడటం ఆపాలని కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం 2022 ఫిబ్రవరి 1 నుంచి పంటల కోసం తయారీ, దిగుమతి ఆపాలి. 2024 జనవరి 1 నుంచి వాడకం పూర్తిగా ఆపాలి.

కారణం సులువుగానే అర్థమవుతుంది. పొలంలో మందు పడిన ప్రతిసారీ తట్టుకోగలిగిన బ్యాక్టీరియా మిగిలి, అదే పెరుగుతుంది. ఆ తట్టుకునే గుణం ఒక బ్యాక్టీరియా నుంచి మరో దానికి పాకుతుంది. రేపు మన ఇంట్లో క్షయ రోగికి స్ట్రెప్టోమైసిన్ అవసరమైనప్పుడు అది పనిచేయకపోతే నష్టం మనదే. పైగా ఆ మందు నేలలోని మేలు చేసే బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఎండాకు తెగులు కనిపిస్తే ముందు నత్రజని వేయడం ఆపండి, మడిలో నీళ్లు తీసేయండి, తెగులు మడి నీళ్లు పక్క మడిలోకి పోకుండా చూడండి. వచ్చే పంటకు తట్టుకునే రకం ఎంచుకోండి.

మీ చేనులో మీరే పరీక్షించుకోండి

19 శాతం తేడా కంటికి తెలియదు, లెక్కపెడితేనే తెలుస్తుంది. ఇలా చేయండి.

1. ఒకే మడిలో ఒకే రోజు, ఒకే విత్తనం వేయండి. ఆరు సాళ్లు బ్యాక్టీరియా పట్టించిన విత్తనం, పక్కనే ఆరు సాళ్లు పట్టించనిది. ఇలా మడిలో మూడు చోట్ల చేసి, కర్రలు పాతి గుర్తు పెట్టండి.
2. మొలక వచ్చాక ఒక్కో చోట రెండు రకాల సాళ్లలోనూ వంద మొక్కల చొప్పున లెక్కపెట్టి హద్దు పెట్టండి.
3. విత్తిన నెల రోజులకు, మళ్లీ పూత దశలో ఆ వందలో ఎన్ని ఎండాయో నోటుబుక్కులో రాసుకోండి. కాండం చీల్చి అది ఎండు తెగులేనా అని చూడండి.
4. కోత సమయంలో రెండింటి గింజలను విడిగా తూకం వేయండి.

మూడు చోట్లా పట్టించిన సాళ్లలో తక్కువ మొక్కలు చస్తే ఆ ప్యాకెట్ మీ నేలలో పనిచేసినట్టు. ఒక చోట తగ్గి, ఇంకో చోట పెరిగితే ఇంకో ఏడాది చూడండి. తేడా ఏమీ లేకపోతే ఆ డబ్బును మంచి విత్తనానికీ ఎరువుకూ పెట్టండి.

ఈ లెక్కను మీ వ్యవసాయ విస్తరణ అధికారికి, రైతు వేదిక సమావేశంలో తోటి రైతులకు చూపించండి. చుట్టూ మొక్కలు ఎండిపోయినా మధ్యలో పచ్చగా నిలిచిన శనగ మొక్కలు కనిపిస్తే పీకకుండా ఫోటో తీసి, రుద్రూర్ కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు చెప్పండి. మేలు చేసే బ్యాక్టీరియా కోసం వెతికేవారికి కావలసింది అలాంటి మొక్క వేరు మట్టే. మందుల గురించి సందేహం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.